‘చేయడం జరిగింది’: తెలుగు వాక్యం ఎక్కడ డీలా పడుతోంది?

క్లుప్తంగా: ఆఫీసు ఉత్తరాల్లో, ప్రెస్ నోట్లలో, ప్రసంగాల్లో, ఫోన్ మెసేజీల్లో ‘చేయడం జరిగింది’, ‘చేయబడింది’, ‘కలిగి ఉంది’ లాంటి ముగింపులు రోజూ కనిపిస్తున్నాయి. పని ఎవరు చేశారో తెలుగులో క్రియ తోకే చెబుతుంది. ఈ ముగింపులు ఆ తోకనే కోసేస్తాయి. చురుకైన క్రియలు వాడమని ఇంగ్లీషు రచనా పాఠాలు చెప్పే చిట్కాలు తెలుగుకు కొంతవరకే నప్పుతాయి. మిగతాదానికి మందు తెలుగు క్రియలోనే ఉంది.

ఆరు అక్షరాలు, పది అక్షరాలు

ఒక కాలనీలో తాగునీటి పైపు పగిలిందనుకుందాం. ఫిర్యాదు ఇస్తే వచ్చే జవాబు దాదాపు ఇలా ఉంటుంది: ‘సదరు ప్రదేశాన్ని తనిఖీ చేయడం జరిగింది. మరమ్మతు పనులు చేపట్టడం జరిగింది. త్వరలో సరఫరా పునరుద్ధరించబడుతుంది.’ వాక్యాలు మూడున్నాయి కానీ వచ్చి చూసిన మనిషి ఒక్కడూ కనిపించడు. అదే సంగతి ఆ వీధిలో ఎవరినైనా అడిగితే ‘పొద్దున వచ్చి చూసి వెళ్లారు, ఇప్పుడు తవ్వుతున్నారు, సాయంత్రానికి నీళ్లు వదులుతారట’ అంటారు. ఇందులోనూ ఎవరి పేరూ లేదు. అయినా మనుషులు కదులుతున్నట్టు తెలుస్తుంది.

ఈ తేడా క్రియ చివర ఉంది. తెలుగు క్రియ తన కర్తను వెంటబెట్టుకుని తిరుగుతుంది. ‘వచ్చాను’ అంటే నేను, ‘వచ్చావు’ అంటే నువ్వు, ‘వచ్చాడు’ అంటే ఒక మగమనిషి, ‘వచ్చారు’ అంటే కొందరు, లేదా గౌరవించాల్సిన ఒకరు. అందుకే కర్తను విడిగా చెప్పకపోయినా తెలుగు వాక్యం నిలబడుతుంది. ‘పరిశీలించు’కు ‘-డం’ తగిలిస్తే అది క్రియ కాకుండా పోయి, పని పేరు అవుతుంది. చేసినవారెవరో చెప్పే తోక దానికి ఉండదు. ఇక పక్కన మిగిలిన ‘జరిగింది’ ఎప్పుడూ ఏకవచనమే, ఎప్పుడూ నపుంసకమే. కలెక్టరు పరిశీలించినా, పదిమంది ఇంజినీర్లు పరిశీలించినా, ఉత్తరం రాసినవాళ్లే పరిశీలించినా ‘పరిశీలించడం జరిగింది’ అనే ఉంటుంది. ‘పరిశీలించారు’లో ఆరు అక్షరాలు, ‘పరిశీలించడం జరిగింది’లో పది. నాలుగు అక్షరాలు ఎక్కువ రాసి ఒక సమాచారం తక్కువ ఇచ్చినట్టు.

దీనికి క్రియ ఉండే చోటు కూడా తోడైంది. ఇంగ్లీషులో క్రియ కర్త వెనకే వచ్చేస్తుంది. తెలుగులో ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, దేన్ని అనేవన్నీ అయ్యాక ఆఖరున వస్తుంది. వినేవాళ్లు అంతవరకూ ఆగుతారు. అంతసేపు ఆగాక చేతికి వచ్చేది ‘జరిగింది’ అయితే, విస్తరి నిండా వడ్డించి చివర్లో పెరుగు లేదన్నట్టే.

ఇంగ్లీషు చిట్కా ఇక్కడ ఎందుకు తడబడుతుంది

బలహీనమైన క్రియలు తీసి చురుకైనవి పెట్టమనే సలహా ఇంగ్లీషు రచన నేర్పే చోటల్లా వినిపిస్తుంది. అక్కడ మొదటి ముద్దాయిలు ‘ఈజ్’, ‘వాజ్’. తెలుగులో ఆ చోట అసలు క్రియే ఉండదు. ‘ఆయన టీచరు’, ‘ఇది మా ఊరు’, ‘వాళ్లది గుంటూరు’. తీసేయడానికి ఏమీ లేదు. అనువాదంలోనే ఈ చిక్కు పుట్టుకొస్తుంది: ‘ఆయన ఒక టీచరుగా ఉన్నారు’. ‘హ్యావ్’ సంగతీ అంతే. తెలుగులో దానికి సరిజోడు క్రియ లేదు, ‘నాకు ఇద్దరు పిల్లలు’ అంటే సరిపోతుంది. ‘ఈ ఫోన్‌లో 8 జీబీ ర్యామ్ ఉంది’ అని దుకాణంలో చెప్పే మాట ప్రకటనలోకి ఎక్కేసరికి ‘ఈ ఫోన్ 8 జీబీ ర్యామ్‌ను కలిగి ఉంది’ అవుతుంది. ‘ఉంది’ బలహీనమని ‘కలిగి ఉంది’ పెడితే బలం రాదు, బరువు మాత్రం వస్తుంది.

మనిషిని కర్తగా నిలబెట్టమనేది ఇంకో చిట్కా. తెలుగులో మనసుకూ ఒంటికీ సంబంధించిన సంగతుల్లో చాలాసార్లు మనిషి కర్తగా రాడు. ‘నాకు కోపం వచ్చింది’, ‘ఆమెకు అనుమానం వచ్చింది’, ‘పిల్లాడికి జలుబు చేసింది’, ‘ఆకలేస్తోంది’ అంటాం. కోపమే వస్తుంది, జలుబే చేస్తుంది, ఆకలే వేస్తుంది. మనిషి ‘కు’ విభక్తితో పక్కన నిలబడతాడు. రావడం, చేయడం, వేయడం చూడటానికి చప్పటి క్రియలే. అయినా ‘నేను కోపాన్ని అనుభవించాను’ అని ఏ ఇంట్లోనూ ఎవరూ అరవరు.

మూడోది ‘చేయబడింది’ లాంటి కర్మణి వాక్యం మానుకోమనడం. ఇంగ్లీషులో బాధ్యత తప్పించుకోవడానికి అదే దారి. 1987 జనవరిలో అమెరికా అధ్యక్షుడు రొనాల్డ్ రీగన్ ఇరాన్-కాంట్రా వ్యవహారం (ఇరాన్‌కు రహస్యంగా ఆయుధాలు అమ్మిన కుంభకోణం) గురించి అమెరికా చట్టసభ అయిన కాంగ్రెస్ ముందు మాట్లాడుతూ తీవ్రమైన తప్పులు జరిగాయన్నారు. ఆయన ఇంగ్లీషులో వాడింది కర్మణి వాక్యం. తెలుగులోకి తేగానే అది తనంతట తానే ‘జరిగాయి’ అయిపోయింది. అంటే తెలుగులో కర్త దాక్కునే చోటు వేరు. ఇంగ్లీషు పాఠం చూపించిన తలుపు దగ్గర కాపలా కాస్తే కర్త పెరటి దారిన వెళ్లిపోతాడు.

బడిలో నేర్చిన ‘బడు’

‘రాముడు రావణుణ్ణి చంపాడు’ అనే కర్తరి వాక్యాన్ని ‘రావణుడు రాముని చేత చంపబడ్డాడు’ అనే కర్మణి వాక్యంగా మార్చడం తెలుగు పరీక్షల్లో పాత ప్రశ్న. పరీక్ష హాలు దాటి బయటికి వస్తే ‘రాముడి చేతిలో రావణుడు చచ్చాడు’ అంటారు. సంస్కృతంలో కర్మణి ప్రయోగం సహజం, హిందీలోనూ సహజమే. తెలుగు మాటల్లో మాత్రం అది ఇమడలేదు.

అలాగని ఈ ‘బడు’కు మూలమైన ‘పడు’ పరాయిది కాదు. కష్టపడటం, భయపడటం, నిలబడటం, బయటపడటం, మాటపడటం అన్నీ దానితో పుట్టినవే. ఏదో ఒకటి మన మీదికి వచ్చినప్పుడు ‘పడు’ చక్కగా అతుకుతుంది. ‘కొట్టబడ్డాడు’ అతకదు, ఎందుకంటే అక్కడ తెలుగు ‘దెబ్బలు తిన్నాడు’ అనే మాటను ఎప్పుడో సిద్ధం చేసి పెట్టుకుంది.

ఇరుగుపొరుగు భాషలతో పోలిస్తే ఈ సంగతి ఇంకా తేటపడుతుంది. తమిళ వార్తల్లో ‘సెయ్యప్పట్టదు’, కన్నడ వార్తల్లో ‘మాడలాగిదె’, హిందీలో ‘కియా గయా’ మామూలుగా వినిపిస్తాయి. తెలుగు మాత్రం కర్తను వదిలేసి క్రియకు ‘-ఆరు’ తగిలించి ఊరుకుంటుంది. ‘మా ఊళ్లో కొత్త వంతెన కట్టారు.’ ‘నిన్న రాత్రి కరెంటు తీసేశారు.’ ఎవరని చెప్పలేదు, చెప్పక్కర్లేదు కూడా. కానీ ఎవరో మనుషులే ఆ పని చేశారని క్రియ చెబుతూనే ఉంది. పనిచేసే కర్మణి వాక్యం తెలుగుకు ఏదైనా ఉందంటే అది ఇదే.

కర్త లేని వాక్యాలన్నీ నీరసంగా ఉండాలని కూడా లేదు. ‘ఇక్కడ పొగ తాగరాదు’ అనే బోర్డులో తాగేవాడు లేడు, వద్దనేవాడూ లేడు. అయినా అందులో మెత్తదనం లేదు. ‘దోరగా వేయించాలి’ అనే వంట వాక్యమూ అలాంటిదే.

మరి ‘జరిగింది’ ఎలా గెలిచింది?

ఒక కారణం ఆఫీసుది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1966లో అధికార భాషా చట్టం వచ్చింది. ఫైళ్లు తెలుగులోకి మారినా ఆలోచన మాత్రం ఇంగ్లీషు డ్రాఫ్టులోనే సాగింది. ‘ఇట్ హ్యాజ్ బీన్ డిసైడెడ్’ అనేదాన్ని ‘నిర్ణయించబడినది’ అని రాస్తే కృతకంగా ఉంది. ‘నిర్ణయించడమైనది’ అన్నారు, ‘నిర్ణయించడం జరిగింది’ అన్నారు. ‘-బడు’ తెలుగుకు నప్పదని తెలిసినవాళ్లే దాన్ని తప్పించబోయి దీంట్లో పడి ఉంటారనుకోవచ్చు. దండోరా కాలం నాటి ‘ఇందుమూలముగా యావన్మందికీ తెలియజేయునది ఏమనగా’లో ఎంత ఆర్భాటమున్నా ఈ జబ్బు లేదు.

ఆఫీసు తరఫున ఒక మాట చెప్పాలి. సంతకం చేసే అధికారి ఆ నిర్ణయం తీసుకుని ఉండకపోవచ్చు. ‘నిర్ణయించాను’ అంటే అబద్ధం, ‘నిర్ణయించారు’ అంటే ఎవరనే ప్రశ్న వస్తుంది. నిర్ణయం కుర్చీది, మనిషిది కాదు. అలాంటప్పుడు మనిషిని చూపించని క్రియ వెతుక్కోవడంలో కొంత న్యాయముంది. కానీ తనిఖీకి వెళ్లింది కుర్చీ కాదు. నిర్ణయానికి పనికొచ్చిన వాక్యాన్ని ప్రతి పనికీ వాడటం దగ్గరే లెక్క తప్పింది.

రెండో కారణం మొహమాటం. ‘నేను చేశాను’ అంటే డబ్బా కొట్టుకున్నట్టు ఉంటుందని ‘చేయడం జరిగింది’ అనేవారున్నారు. అది వినయమే. అయితే సగం దూరం వెళ్లాక ‘మేము’ కూడా వచ్చి కూర్చుంటుంది: ‘మేము ఈ వార్డులో రోడ్లు వేయించడం జరిగింది’. ఇందులో ‘మేము’కు జత కలిసే క్రియ లేదు. పైగా అదే ప్రసంగంలో ‘కొంత ఆలస్యం కావడం జరిగింది’ కూడా వస్తుంది. చేసిన మంచికీ, చేయని పనికీ ఒకే తోక పెడితే వినయం ఎక్కడ ఆగిందో, తప్పించుకోవడం ఎక్కడ మొదలైందో చెప్పడం కష్టం.

మూడోది మైకు. ‘ఏదైతే ఉందో’, ‘అనేటటువంటి’ లాంటి మాటల సరసనే ‘జరిగింది’ కూడా చేరింది. నాలుగక్షరాలు పలికేలోపు తర్వాతి వాక్యం దొరుకుతుంది. మాట్లాడేవాళ్లకు అది ఊపిరి తీసుకునే చోటు. చిక్కల్లా ఆ ప్రసంగాన్ని యథాతథంగా ప్రెస్ నోట్‌లోకి, అక్కడి నుంచి వార్తలోకి ఎక్కించినప్పుడే. కాగితానికి ఊపిరి తీసుకోవాల్సిన అవసరం లేదు కదా.

పెరిగాయా, పెంచారా?

తెలుగు క్రియల్లో చాలావరకు జంటలుగా ఉంటాయి. పెరుగు-పెంచు, తగ్గు-తగ్గించు, కూలు-కూల్చు, మునుగు-ముంచు, కాలు-కాల్చు, తెగు-తెంచు, ఆగు-ఆపు, నిండు-నింపు, మారు-మార్చు. మొదటిది తనంతట తాను అయ్యే పని, రెండోది ఎవరో చేసే పని. కర్త దాక్కునే అసలు చోటు ఇదే. ‘చేయడం జరిగింది’ అంటే కనీసం చెవికి తగులుతుంది. ‘పెరిగాయి’ అంటే ఎవరూ గమనించరు.

‘టమాటా ధర పెరిగింది’ అనడంలో తప్పేమీ లేదు. పంట తగ్గింది, సరుకు రాలేదు, ధర పెరిగింది. ఫలానావారు పెంచారని వేలు చూపడం కష్టం. ‘బస్సు చార్జీలు పెరిగాయి’ అలాంటిది కాదు. ఒక తేదీన ఒక ఉత్తర్వు వస్తేనే అవి పెరుగుతాయి. అక్కడ ‘పెంచారు’ అనేదే నిజానికి దగ్గర. ‘గోడ కూలింది’, ‘గోడ కూల్చారు’ అనే రెండు వాక్యాల మధ్య ఒక కోర్టు కేసు పట్టేంత దూరం ఉంది. ‘కాల్పులు జరిగాయి’, ‘కాల్పులు జరిపారు’ అనే రెండింటి మధ్య ఒక విచారణ సంఘమే పడుతుంది.

ఏటా వానాకాలంలో కనిపించే శీర్షిక ‘శ్రీశైలం గేట్లు తెరుచుకున్నాయి’. చదవడానికి బాగుంటుంది, గుడి తలుపులు తెరుచుకున్నట్టు ఉంటుంది. కానీ ఆ డ్యాముకున్న 12 గేట్లలో ఎన్ని ఎత్తాలి, ఎన్ని అడుగులు ఎత్తాలి, ఎప్పుడు ఎత్తాలి అనేవి పైనుంచి వచ్చే నీటిని, జలాశయం మట్టాన్ని లెక్కగట్టి మనుషులు తీసుకునే నిర్ణయాలు. అన్నీ సవ్యంగా ఉన్న రోజున ‘తెరుచుకున్నాయి’ అన్నా నష్టం లేదు. ఏ డ్యాము దిగువనైనా పొలాలు మునిగిన రోజున ‘వరద వచ్చింది’ అనాలా, ‘నీళ్లు వదిలారు’ అనాలా అన్నదే రైతు అడిగే మొదటి ప్రశ్న అవుతుంది. కాబట్టి ఇలాంటి చోట ఏ క్రియ సరైనదో వ్యాకరణం చెప్పలేదు, ఏం జరిగిందో తెలిసినవాళ్లే చెప్పాలి.

కట్ చేసి, యాడ్ చేసి, మిక్స్ చేసి

నీరసించిన క్రియలు ఆఫీసుల్లోనే ఉన్నాయనుకుంటే పొరపాటు. వంట వీడియోల్లో ‘ఆనియన్స్ కట్ చేసి, చిల్లీస్ స్లిట్ చేసి, పేస్ట్ యాడ్ చేసి, మిక్స్ చేసి, ఫ్రై చేసుకోవాలి’ అని వినిపిస్తుంది. ఐదు పనులకూ ‘చేయు’ ఒక్కటే. తెలుగు వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతారు, పచ్చిమిర్చి చీరుతారు, కొబ్బరి తురుముతారు, వంకాయ కోస్తారు, అల్లం దంచుతారు. ఏ ముక్క ఏ సైజులో ఉండాలో చాలాసార్లు క్రియే చెప్పేస్తుంది. ‘కట్ చేసి’ అన్నాక దానికి ‘సన్నగా’, ‘పొడవుగా’, ‘రెండుగా’ అని తోడు వెతుక్కోవాలి.

అయితే ఇంగ్లీషు మాటకు ‘చేయు’ కలపడం తెలుగుకు పనికొచ్చిన ఏర్పాటే. ‘కనెక్ట్ చేశాను’, ‘కనెక్ట్ అయింది’ అంటూ కొత్త మాట దేనికైనా ‘చేయు’తో ఒక రూపం, ‘అవు’తో ఒక రూపం తెలుగు ఇట్టే తయారుచేసుకుంటుంది. అంటే పెంచు-పెరుగు జంట లాంటిదే ఇక్కడ మళ్లీ పుట్టింది. ‘ఫోన్ చేశాడు’ను మార్చబోతే నవ్వులపాలవడమే. దంచడం, నూరడం, రుబ్బడం, విసరడం అనే నాలుగూ ‘గ్రైండ్ చేయడం’లో కలిసిపోవడానికి కారణం కూడా బద్ధకం కాదు. రోలు, బండ, రుబ్బురోలు, తిరగలి అనే నాలుగింటి పనీ ఒక్క మిక్సీ చేస్తున్నప్పుడు నాలుగు క్రియలు విడివిడిగా బతకడం కష్టం. ఉల్లిపాయ సంగతి వేరు. దాన్ని ఇప్పటికీ కత్తితోనే తరుగుతున్నారు.

సంస్కృత పదానికి ‘చేయు’ తగిలించడం మూడో రకం. ‘పరిశీలన చేశారు’, ‘ఆగ్రహం వ్యక్తం చేశారు’, ‘హర్షం వ్యక్తం చేశారు’ లాంటివి. దీని వెనక శీర్షికల ప్రభావం కొంత ఉండొచ్చు. చోటు చాలక శీర్షికలో క్రియ తీసేసి ‘ఇద్దరి మృతి’, ‘పనుల పరిశీలన’ అని పెడతారు. కింద వార్త రాసేటప్పుడు ఆ పేరునే పట్టుకుని ‘మృతి చెందారు’, ‘పరిశీలన చేశారు’ అని సాగదీస్తారు. ‘చనిపోయారు’, ‘పరిశీలించారు’, ఇంకా మాట్లాడితే ‘చూశారు’ అనేవి అందుబాటులోనే ఉన్నాయి.

బలం తోకలో ఉంది

ఇంగ్లీషులో ‘నడిచాడు’ చాలకపోతే ఇంకో క్రియ వెతుకుతారు. తెలుగులో ఆ క్రియకే ఇంకొకటి జోడిస్తారు. ‘వండింది’ మామూలు మాట. ‘వండుకుంది’ అంటే తన కోసం. ‘వండిపెట్టింది’ అంటే ఇంకొకరి కోసం, కాస్త కష్టపడి. ‘వండేసింది’ అంటే పని అయిపోయింది, ఇక అడగక్కర్లేదు. ‘వండించింది’ అంటే వేరేవాళ్ల చేత. ‘చెప్పాడు’, ‘చెప్పేశాడు’, ‘చెప్పుకున్నాడు’, ‘చెప్పి చూశాడు’ అనే నాలుగింటిలో మనిషి మనసు నాలుగు రకాలుగా ఉంది. ‘చెప్పి చూశాడు’లోనైతే అవతలివాడు వినలేదనే కబురు కూడా దాదాపు వచ్చేసింది. ఇంత పని ఇంగ్లీషులో ఒక్క క్రియతో కాదు.

పాలనా భాష ఈ తోకలను వాడుక మాటలని పక్కన పెట్టింది. ప్రకటనల్లో ‘ఇచ్చేశాం’ కనిపించదు, ‘అందజేయడం జరిగింది’ ఉంటుంది. ‘ఇచ్చేశాం’లో పని పూర్తయిందన్న హామీ ఉంది. రెండోదాంట్లో అది లేదు. పని కాని చోట కూడా ఇదే వరస: ‘ఇవ్వలేదు’ అనడానికి బదులు ‘మంజూరు చేయడం జరగలేదు’. మొదటిది వింటే ఎందుకివ్వలేదని అడగాలనిపిస్తుంది. రెండోది వింటే వాన పడలేదన్నట్టు ఉంటుంది.

ఫోన్ తెర మీద

ఈమధ్య ‘-బడు’ మళ్లీ ఊపిరి పోసుకున్నది ఫోన్లలో. ‘మీ ఖాతా నుండి 500 రూపాయలు డెబిట్ చేయబడ్డాయి’, ‘ఫైల్ తొలగించబడింది’, ‘మీ అభ్యర్థన స్వీకరించబడింది’ లాంటివి రోజూ చూస్తున్నాం. ఇంగ్లీషు వాక్యాన్ని ముక్కలుగా అనువదించడం ఒక కారణం. ఇంకొకటి కూడా ఉంది. యాప్‌లో వాక్యం ముందే రాసి ఉంటుంది, పేరు తర్వాత వచ్చి ఖాళీలో కూర్చుంటుంది. ఆ పేరు ఆడవాళ్లదో మగవాళ్లదో వాక్యం రాసినవారికి తెలియదు. ‘జోడించాడు’ అనాలా, ‘జోడించింది’ అనాలా? తంటా ఎందుకని ‘జోడించబడింది’ అంటారు.

నిజానికి ఈ తంటాకు పరిష్కారం తెలుగులో ముందునుంచే ఉంది. ‘జోడించారు’ ఇద్దరికీ సరిపోతుంది, మర్యాద కూడా దక్కుతుంది. ‘చేయబడింది’ని తప్పించడానికి మిగతాచోట్ల జంట క్రియల్లో మొదటిది, అంటే తనంతట తాను అయ్యే పనిని చెప్పేది చాలు. ‘పాస్‌వర్డ్ మార్చబడింది’ బదులు ‘పాస్‌వర్డ్ మారింది’. కాకపోతే భద్రత గురించిన మెసేజీలో ‘మారింది’ కన్నా ‘మార్చారు’ మేలు. ఎవరు మార్చారనే అనుమానం రావడమే అక్కడ అవసరం.

మరీ చురుకైతే

వార్తల్లో దీనికి పూర్తిగా ఎదురు జబ్బు కూడా ఉంది. రాజకీయ వార్తలో ఎవరూ ‘అనరు’. మండిపడతారు, నిప్పులు చెరుగుతారు, విరుచుకుపడతారు, ధ్వజమెత్తుతారు, దుయ్యబడతారు. మామూలు విమర్శకే ‘నిప్పులు చెరిగారు’ వాడేస్తే నిజంగా నిప్పులు చెరిగిన రోజున రాయడానికి ఏమీ మిగలదు. ‘అన్నారు’ చప్పటి మాటే. కానీ అది ఎవరి తరఫునా వాదించదు. క్రియకు బలం పెంచితే ఒక్కోసారి తీర్పు కూడా దాని వెంట వచ్చేస్తుంది.

పోలీసు వార్తల్లో ఈ జాగ్రత్త ఇంకా అవసరం. ‘అదుపులోకి తీసుకున్నారు’ నాన్చినట్టు ఉందని ‘అరెస్టు చేశారు’ అని దిద్దితే వాక్యం బాగుపడవచ్చు, సంగతి మారిపోతుంది. అరెస్టు చేసినవారిని ప్రయాణ సమయం పోను 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలని రాజ్యాంగంలోని 22వ అధికరణ చెబుతోంది. అందుకని ఆ గడియారం ఎప్పుడు మొదలైందనేది పెద్ద విషయం. విలేకరులు దీనికోసం ఒక క్రియ తయారుచేసుకున్నారు: ‘మంగళవారం అదుపులోకి తీసుకున్నారు, శుక్రవారం అరెస్టు చూపించారు’. ఆ ‘చూపించారు’లో పోలీసుల మీద ఒక్క ఆరోపణా లేదు. చదివినవాళ్లు మాత్రం బుధవారం, గురువారం సంగతేమిటని అడుగుతారు.